డోనర్ భాగాలతో బాగుచేసిన పాత జీపుకు ఆర్‌సీ: దరఖాస్తు విధానం

షెడ్డులో ఏళ్ల తరబడి పడి ఉన్న మహీంద్రా సీజే3బీ జీపును కొంటారు. ఇంకో డొక్కు జీపు (దీన్నే డోనర్ అంటారు) నుంచి ఇంజిను, గేర్‌బాక్సు, యాక్సిళ్లు ఊడదీసి దీనికి బిగిస్తారు. రంగు కూడా వేయించాక ఆర్‌టీఏ ఆఫీసుకు వెళ్తారు. దరఖాస్తు వెనక్కి వచ్చేది ఎక్కువగా ఇలాంటి బండ్లకే. కాగితాల పని మొదటి బోల్టు విప్పకముందే మొదలవ్వాలి. ఏ భాగం డోనర్ నుంచి తేవచ్చో, ఏది తేకూడదో తేల్చేది మెకానిక్ కాదు, మీరు పెట్టబోయే దరఖాస్తు.

ముందు రికార్డు చూసుకోండి

1989కి ముందు రిజిస్టరైన బండ్ల వివరాలు చాలావరకు ఆఫీసు చేతిరాత రిజిస్టర్లలోనే ఉండిపోయాయి. ఆన్‌లైన్‌లో నంబరు కొడితే ఏమీ రాదు. అప్పుడు పాత ఆర్‌సీ పుస్తకం చూపించి, ఆ నంబరు ఇచ్చిన ఆఫీసులోనే బ్యాక్‌లాగ్ ఎంట్రీ (పాత వివరాలను కంప్యూటర్‌లోకి ఎక్కించడం) చేయించుకోవాలి. ఇది కానిదే మిగతా ఏ దరఖాస్తూ ముందుకు కదలదు. పుస్తకం పోయి ఉంటే పోలీసు ఫిర్యాదు ప్రతితో ఫారం 26, పేరు మార్పిడికి ఫారం 29, 30, వేరే రాష్ట్రం బండైతే అక్కడి నుంచి ఫారం 28 కింద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి. పుస్తకంలో ఎప్పటిదో ఫైనాన్స్ కంపెనీ పేరు మిగిలి ఉంటే అప్పు తీరిందని ఆ కంపెనీ సంతకం చేసిన ఫారం 35 లేకుండా దాన్ని తీయరు. ఆ కంపెనీ ఎప్పుడో మూతపడి ఉంటే అసలు చిక్కు అక్కడే. అలాంటి బండికి బేరం ఆడేముందే ఆలోచించుకోండి.

రెండు దారులు

మొదటిది మామూలు రెన్యువల్. ప్రైవేటు బండికి 15 ఏళ్ల తర్వాత ఫారం 25తో అయిదేళ్ల చొప్పున పొడిగిస్తారు. 2025 ఆగస్టు సవరణ తర్వాత 20 ఏళ్లు దాటిన తేలికపాటి వాహనానికి ఫీజు రూ.10,000. గడువు దాటితే ఆలస్య రుసుము నెలకు రూ.500, దానిపైన గ్రీన్ ట్యాక్స్ (పాత బండ్ల మీద వేసే పర్యావరణ పన్ను). ఏళ్ల తరబడి గడువు తీరిన బండైతే ఈ బాకీ ఎంతో ముందే లెక్క కట్టించుకుని, ఆ తర్వాతే ధర మాట్లాడండి.

రెండోది వింటేజ్ రిజిస్ట్రేషన్. 2021 జులైలో కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో చేర్చారు. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన టూవీలర్లు, ఫోర్‌వీలర్లకే ఇది వర్తిస్తుంది. ఫారం 20, ఇన్సూరెన్స్, పాత ఆర్‌సీ పెట్టాలి. దిగుమతి బండైతే బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్ దిగుమతి పత్రం) కూడా కావాలి. కొత్త రిజిస్ట్రేషన్‌కు రూ.20,000, తర్వాత మళ్లీ చేయించుకోవడానికి రూ.5,000, కాలపరిమితి పదేళ్లు. ఇప్పటికే నంబరు ఉన్న బండి ఆ పాత నంబరునే ఉంచుకోవచ్చు. లేనివాటికి మధ్యలో ‘వీఏ’ అక్షరాలున్న వరస ఇస్తారు.

అయితే వింటేజ్ బండిని రోజూ తిప్పడానికి వీల్లేదు. ర్యాలీ, ప్రదర్శన, రిపేరు, పెట్రోలు వంటి పనులకే రోడ్డెక్కాలి. పైగా ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లలో పెద్ద మార్పు చేసిన బండి వింటేజ్ కిందికి రాదు. హరియాణాలోని డబ్వాలీలో తయారైన కొత్త బాడీ, డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్) డీజిల్ ఇంజిన్ వేసిన జీపు చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉన్నా ఈ దారి దానికి మూసుకుపోయినట్టే.

డోనర్ నుంచి ఏవి తేవచ్చు

ఈ జీపులోని టీ-90 గేర్‌బాక్సు లోపలి గేర్లు, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక యాక్సిళ్లకు శక్తిని పంచే పెట్టె), స్టీరింగ్ బాక్సు, బ్రేక్ డ్రమ్ములు, యాక్సిళ్లు ఆర్‌సీలో నమోదయ్యేవి కావు. అదే రకం బండివి అయితే నిశ్చింతగా వేసుకోవచ్చు. యాక్సిళ్ల విషయంలో మాత్రం ఒక మెలిక ఉంది. సీజే3బీ డిఫరెన్షియల్ నిష్పత్తి 5.38, అంటే పెద్ద గేరుకు 43 పళ్లు, దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్‌కు 8. వెనక యాక్సిల్ ఒక్కటే వేరే నిష్పత్తిది వేస్తే టూవీల్‌లో ఏమీ తెలియదు. గట్టి రోడ్డు మీద ఫోర్‌వీల్ వేశారా, ముందు చక్రాలు ఒకలా, వెనకవి ఇంకోలా తిరగబోయి ట్రాన్స్‌ఫర్ కేసు బిగుసుకుపోతుంది. ఆటోనగర్‌లో డబ్బు చేతికి ఇచ్చేముందే డిఫరెన్షియల్ కవరు విప్పించి పళ్లు లెక్కపెట్టండి.

ఇంజిను మార్పు వేరే సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ముందస్తు అనుమతి తీసుకోవాలి. బిగించాక 14 రోజుల్లో ఆర్‌సీతో సహా తెలియజేయాలి. సీజే3బీలో ఉండే హరికేన్ పెట్రోల్ ఇంజిన్ స్థానంలో అదే హరికేన్ అయితే మాట చెల్లుతుంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నమైన మార్పు కుదరదని 2019లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. దరఖాస్తుతో పాటు డోనర్ ఇంజిన్ కొన్న రసీదు, డోనర్ బండి ఆర్‌సీ ప్రతి, ఆ ఆర్‌సీ రద్దయినట్టు కాగితం సిద్ధంగా పెట్టుకోండి. ఇవి లేకపోతే అది దొంగ ఇంజిన్ కాదని మీరే నిరూపించుకోవాల్సి వస్తుంది. అనుమతి లేని మార్పుకు 182ఎ సెక్షన్ కింద ఒక్కోదానికి రూ.5,000 జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ.

డోనర్ ఛాసిస్ మీదికి మన నంబరు ముక్క కోసి అతికించడం గురించి మెకానిక్ ఎవరైనా సలహా ఇస్తే, బండి తీసుకుని వచ్చేయండి. అది నేరం. తుప్పు తిన్న ఫ్రేముకు ప్లేట్లు వేయించడం, క్రాస్ మెంబర్ (ఫ్రేములోని అడ్డ కమ్మీ) మార్చడం వరకే ఆగాలి.

పెన్సిల్ ప్రింట్

ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసే అచ్చు ఇది. తనిఖీలో ఎక్కువ బండ్లు ఆగిపోయేది దీని దగ్గరే. ఛాసిస్‌ను శాండ్ బ్లాస్టింగ్‌కు ఇచ్చినా, మందంగా పౌడర్ కోటింగ్ వేయించినా పాత పంచ్ అంకెలు కనిపించకుండా పోతాయి. గ్రైండర్ పెడితే అరిగే పోతాయి. పని మొదలుపెట్టే రోజే కిరోసిన్‌లో తడిపిన గుడ్డతో నంబరున్న చోటు తుడిచి, మెత్తని వైరు బ్రష్‌తో మట్టి తీయండి. పలచటి కాగితం అదిమిపట్టి, మెత్తని పెన్సిల్‌ను పక్కకు వాల్చి రుద్దండి. అంకెలు తెల్లగా తేలతాయి. మూడు నాలుగు ప్రింట్లు తీసి, ఫొటోలూ తీసి, ఆ చోట గ్రీజు రాసి టేపు అంటించేయండి. హరికేన్ ఇంజిన్ నంబరు బ్లాకు ముందువైపు, వాటర్ పంపు పక్కన ఉంటుంది. అంకె కనబడటం లేదని సొంతంగా పంచ్ కొట్టించారంటే మంచి బండి కూడా అనుమానపు బండి అవుతుంది. ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి.

తనిఖీ రోజు

ఆర్‌సీ గడువు తీరిన బండిని నడుపుకుంటూ వెళ్లొద్దు, లారీ మీద తీసుకెళ్లండి. ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ వెంట ఉండాలి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసేవి హారన్, లైట్లు, ఇండికేటర్లు, టైర్లు, స్టీరింగ్ ఆట, బ్రేకులు. ఈ జీపుల్లో హ్యాండ్‌బ్రేక్ ట్రాన్స్‌ఫర్ కేసు వెనక డ్రమ్ము మీద పనిచేస్తుంది. అక్కడ ఆయిల్ సీలు కారితే లైనింగ్ తడిసి ఎంత లాగినా పట్టదు. డోనర్ ట్రాన్స్‌ఫర్ కేసు వేసేటప్పుడే ఆ సీలు కొత్తది వేయించండి.

కొత్త ఆర్‌సీ చేతికి రాగానే ఇంజిన్, ఛాసిస్ నంబర్లను మీ దగ్గరున్న పెన్సిల్ ప్రింటుతో అంకె అంకె సరిచూడండి. పాత పుస్తకంలోని 1, 7, ఎంట్రీలో తారుమారవడం మామూలే. ఇంజిన్ మారి ఉంటే ఆ కొత్త నంబరును ఇన్సూరెన్స్ పాలసీలోనూ ఎక్కించుకోవాలి.