సీఎన్‌సీతో మోల్డ్ తయారీ – 4వ పాఠం: ఫినిషింగ్ కోత

పోయిన పాఠంలో కేవిటీ (ప్లాస్టిక్ పీసుకు ఆకారమిచ్చే గుంట) రఫింగ్, అంటే మోటు కోత, ముగించి, చుట్టూ 0.4 మి.మీ. స్టీలు వదిలేశాం. ఈసారి ఆ మిగిలింది తీయాలి. సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే కోత మెషిన్) అనగానే వేగం గురించి చెబుతారు గానీ, మోల్డుకు దానివల్ల జరిగే పెద్ద మేలు చేతి పాలిషింగ్ తగ్గడమే. రాయితో ఎంతసేపు రుద్దితే ఆకారం అంత చెడుతుంది. ముందుగా పోయేది పార్టింగ్ లైన్ (మోల్డు రెండు సగాలు కలిసే గీత) అంచు. అది కాస్త గుండ్రబడినా చాలు, ఆ సందులోకి ప్లాస్టిక్ వెళ్లి ప్రతి పీసుకూ పలుచని అంచు కడుతుంది.

రఫింగ్ నుంచి నేరుగా ఫినిషింగ్‌కు దూకకండి. 16 మి.మీ. కట్టర్‌తో రఫింగ్ చేసిన కేవిటీలో, 3 మి.మీ. రేడియస్ ఉండాల్సిన నిలువు మూల దగ్గర గోడల మీదకంటే 2 మి.మీ. ఎక్కువ స్టీలు ఉండిపోతుంది. సన్నని ఫినిషింగ్ కట్టర్ అక్కడికి చేరగానే భారం పెరిగి వంగుతుంది, గోడ మీద గాటు పడుతుంది. కాబట్టి ముందు చిన్న కట్టర్‌తో మూలలు శుభ్రం చేసి, తర్వాత సెమీ ఫినిషింగ్‌లో అంతటా సమానంగా 0.1 మి.మీ. మిగల్చండి.

ఇక బాల్ నోస్ కట్టర్, అంటే కొన అర్ధగోళంగా ఉండేది. దున్నిన చాళ్ల మధ్య మట్టి గట్టు నిలిచినట్టే, దీని రెండు కోతల మధ్య చిన్న గట్టు మిగులుతుంది. పాలిషింగ్‌లో అరగదీయాల్సింది ఆ గట్టునే. దాని ఎత్తుకు లెక్క తేలిక: స్టెప్ ఓవర్‌ను (పక్కపక్క కోతల మధ్య దూరాన్ని) దానితోనే గుణించి, కట్టర్ వ్యాసానికి నాలుగు రెట్లతో భాగించాలి. 6 మి.మీ. కట్టర్, 0.6 మి.మీ. స్టెప్ ఓవర్ అయితే గట్టు 0.015 మి.మీ., అంటే 15 మైక్రాన్లు. స్టెప్ ఓవర్ 0.3కు తగ్గిస్తే 4 మైక్రాన్ల లోపే. సగం చేస్తే గట్టు నాలుగో వంతుకు పడిపోయింది, సమయం మాత్రం రెండింతలే అయింది. 200 × 150 మి.మీ. ఉపరితలానికి నిమిషానికి 1600 మి.మీ. ఫీడ్‌తో (కట్టర్ ముందుకు సాగే వేగంతో) మొదటిదానికి సుమారు 31 నిమిషాలు, రెండోదానికి 63. మలుపులు, ఖాళీ కదలికలు ఇందులో కలపలేదు. ఆ అరగంట మెషిన్‌కు వదిలేయడమే మంచిది. చేత్తో 15 మైక్రాన్లు సమానంగా తీయడం అంతకంటే చాలా కష్టం.

స్పిండిల్ వేగం (కట్టర్ తిరిగే వేగం) దగ్గర చాలామంది తప్పుతారు. 0.1 మి.మీ. లోతు కోతలో 6 మి.మీ. బాల్ నోస్ నిజంగా కోసే వ్యాసం 1.5 మి.మీ. మాత్రమే. 8000 ఆర్‌పీఎం వద్ద పూర్తి వ్యాసానికి లెక్క కడితే నిమిషానికి 150 మీటర్ల కటింగ్ స్పీడ్ (కట్టర్ అంచు స్టీలు మీద సాగే వేగం) వస్తుంది, అసలు కోత జరిగేది 39 దగ్గర. పైగా సరిగ్గా కొన దగ్గర వేగం సున్నా, అక్కడ కట్టర్ కోయదు, రుద్దుతుంది. సమతలమైన అడుగు భాగం మసకగా, గీతలుగా వచ్చేది అందుకే. ఆ భాగాన్ని బాల్ నోస్‌కు ఇవ్వకుండా, మూలకు చిన్న రేడియస్ ఉన్న బుల్ నోస్‌తో ముగించండి. ఐదు యాక్సిస్‌ల మెషిన్ ఉంటే, బాల్ నోస్‌నే సుమారు 15 డిగ్రీలు వాల్చి కొనను కోతనుంచి తప్పించవచ్చు.

కట్టర్‌ను హోల్డర్ నుంచి అవసరమైనంతే బయటికి తీయాలి. పొడవు రెట్టింపైతే వంపు ఎనిమిది రెట్లు. గోడ మీద అలలు కనిపిస్తే ఫీడ్ మార్చే ముందు ఈ పొడవు కొలవండి.

అభ్యాసం: 8 మి.మీ. బాల్ నోస్, 0.4 మి.మీ. స్టెప్ ఓవర్, నిమిషానికి 1500 మి.మీ. ఫీడ్, 120 × 100 మి.మీ. ఉపరితలం. గట్టు ఎత్తు, పట్టే సమయం కట్టండి. 5 మైక్రాన్లు, 20 నిమిషాలు రావాలి. కట్టర్ దూరని పదునైన లోపలి మూలలకు ఈడీఎం (విద్యుత్ స్పార్కులతో స్టీలు తొలగించే పద్ధతి) ఎలక్ట్రోడ్ చేయడం 5వ పాఠంలో.