పగ్ ముఖం ముడతల్లో వాసన: నా అనుభవం

వానాకాలం వచ్చిందంటే మా పగ్ జాతి కుక్క ముక్కు మీది ముడతలో పుల్లటి వాసన, ఎర్రదనం. స్నానం చేయించినా తగ్గేది కాదు. పశువుల డాక్టరుగారు ముడత విప్పి చూసి, లోపల తడి నిలిచి ఈస్ట్ (ఒక రకం ఫంగస్) పెరిగిందన్నారు. క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిములను చంపే మందుతో తడిపిన వైప్స్ రాసిచ్చారు. వాటితో తుడిచాక పొడి దూదితో ముడత అడుగుదాకా అద్ది ఆరబెట్టాలి. నా దృష్టిలో సగం వైద్యం ఈ ఆరబెట్టడమే. పగ్ కళ్లు బాగా ముందుకు ఉంటాయి, మందు అంటకుండా చూసుకోవాలి, పాపం. ఎరుపు పోయాక రోజూ తడిపి పిండిన దూది, తర్వాత పొడి దూది, అంతే. పొట్టి బొచ్చయినా తెగ రాలుతుంది, దానికి రబ్బరు బ్రష్ చాలు. మన షాంపూ మాత్రం వాడొద్దు, కుక్కల చర్మానికి పడదు.