గ్రూప్డ్ బార్ చార్ట్: ఏ బార్ పక్కన ఏ బార్ ఉండాలి?

గ్రూప్డ్ బార్ చార్ట్ అంటే బార్లను గుంపులు గుంపులుగా పక్కపక్కనే నిలబెట్టే చార్ట్. దాన్ని గీయడం ఎక్సెల్‌లో రెండు క్లిక్కుల పని. అది చూసేవాళ్లకు అర్థమవుతుందా లేదా అన్నది మాత్రం ఆ క్లిక్కుల కంటే ముందే తేలిపోతుంది. ఆనుకుని ఉన్న రెండు బార్ల ఎత్తులో తేడాను కన్ను ఇట్టే పట్టేస్తుంది. మధ్యలో మూడు నాలుగు బార్లు అడ్డొస్తే, మొదటి ఎత్తును గుర్తుపెట్టుకుని రెండోదాన్ని వెతుక్కోవాలి. అందుకే ముఖ్యంగా పోల్చాల్సినవి ఒకే గుంపులో ఉండాలి.

నాలుగు శాఖలు, 2023, 2024 అమ్మకాలు ఉన్నాయనుకుందాం. ఏ శాఖ పెరిగింది, ఏది తగ్గిందని చూపాలంటే శాఖకొక గుంపు పెట్టి, అందులో రెండు సంవత్సరాల బార్లు వేయాలి. ఏ ఏడాది ఏ శాఖ ముందుందో చూపాలంటే ఏడాదికొక గుంపు, అందులో నాలుగు శాఖలు. ఎక్సెల్‌కు మీ ప్రశ్న ఏమిటో తెలియదు. టేబుల్లో అడ్డ వరుసలు, నిలువు వరుసల్లో ఏవి ఎక్కువుంటే వాటిని అడ్డ యాక్సిస్ మీద పెట్టేస్తుంది. నచ్చకపోతే చార్ట్ డిజైన్ ట్యాబ్‌లో స్విచ్ రో/కాలమ్ నొక్కండి. పైథాన్ డేటా లైబ్రరీ పాండాస్‌లో అయితే టేబుల్‌ను ట్రాన్స్‌పోజ్ చేయాలి, అంటే అడ్డ వరుసలను నిలువుగా, నిలువు వరుసలను అడ్డంగా తిప్పాలి. ఇక్కడే ఇంకో చిక్కు: సంవత్సరాలు మొదటి కాలమ్‌లో అంకెలుగా ఉంటే ఎక్సెల్ వాటినీ విలువలనుకుని రెండు వేల ఎత్తు బార్లు గీస్తుంది. టేబుల్ ఎడమ పై మూల సెల్‌ను ఖాళీగా వదిలేస్తే ఆ బెడద ఉండదు.

గుంపుకు రెండు మూడు బార్లు హాయిగా ఉంటాయి, నాలుగు దాకా నెట్టుకురావచ్చు. అయిదు దాటితే చదివేవాళ్లు లెజెండ్‌కూ (ఏ రంగు దేనిదో చెప్పే పట్టీ) బార్లకూ మధ్య తిరగడంతోనే అలిసిపోతారు. అప్పుడు ఒక్కో సిరీస్‌కు (ప్రతి గుంపులోనూ ఒకే రంగులో వచ్చే బార్లు) ఒక్కో చిన్న చార్ట్, అన్నిటికీ ఒకే స్కేలు.

చాలా చార్టులు చెడేది ఖాళీల దగ్గర. గుంపు లోపలి సందు కంటే గుంపుల మధ్య సందు స్పష్టంగా పెద్దదిగా ఉండాలి, లేకపోతే అవి గుంపుల్లా కనిపించవు. ఇప్పటి ఎక్సెల్‌లో గుంపు లోపలి సందును నిర్ణయించే సిరీస్ ఓవర్‌ల్యాప్ మామూలుగా -27%, గుంపుల మధ్య సందును నిర్ణయించే గ్యాప్ విడ్త్ 219% ఉంటాయి. గ్యాప్ విడ్త్‌ను ఒక బార్ వెడల్పుతో కొలుస్తారు కాబట్టి, 219 అంటే గుంపుల మధ్య రెండు బార్లకు పైగా పట్టేంత ఖాళీ. దాంతో బార్లు పీలగా మిగులుతాయి. ఓవర్‌ల్యాప్ 0, గ్యాప్ విడ్త్ 80 నుంచి 100 మధ్య పెడితే సరిపోతుంది.

పైథాన్ చార్టుల లైబ్రరీ మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో మామూలు బార్ ఫంక్షన్ వాడితే ఈ లెక్క మనమే వేసుకోవాలి. ఒక గుంపు మధ్య నుంచి పక్క గుంపు మధ్యకు దూరం 1 అనుకుని, గుంపు మొత్తానికి 0.8 కేటాయించి సిరీస్‌ల సంఖ్యతో భాగిస్తే ఒక బార్ వెడల్పు వస్తుంది. మూడు సిరీస్‌లకు అది సుమారు 0.267. మొదటి సిరీస్‌ను అంత ఎడమకు, మూడోదాన్ని అంత కుడికి జరపాలి, రెండోది మధ్యలో ఉంటుంది. జరపకుండా వదిలేస్తే బార్లు ఒకదాని మీద ఒకటి పడి, వెనకున్న పొట్టి బార్ పూర్తిగా దాక్కుంటుంది. ఎర్రర్ ఏమీ రాదు, అదే ప్రమాదం.

ఆర్ భాషలోని చార్టుల ప్యాకేజీ జీజీప్లాట్2 వేరే రకంగా తిప్పలు పెడుతుంది. ఏమీ చెప్పకపోతే బార్లను ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది, కాబట్టి బార్లు పక్కపక్కనే రావాలంటే పొజిషన్‌ను డాడ్జ్ చేయాలి. ఏదైనా గుంపులో ఒక సిరీస్‌కు డేటా లేకపోతే మిగిలిన బార్ ఆ ఖాళీలోకి కూడా సాగి లావవుతుంది. డాడ్జ్‌లోని ప్రిజర్వ్‌ను సింగిల్ అని పెడితే అన్నీ ఒకే వెడల్పులో ఉంటాయి. ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా డేటా లేని చోటూ, విలువ సున్నా అయిన చోటూ ఒకేలా ఖాళీగా కనిపిస్తాయి. సున్నా అయితే 0 అని, లేకపోతే డేటా లేదని అక్కడే రాయండి.

విలువల యాక్సిస్ సున్నా నుంచే మొదలవ్వాలి. 90, 95 విలువలకు యాక్సిస్‌ను 85 నుంచి మొదలుపెడితే బార్ల ఎత్తు 5, 10 అయి, ఒకటి రెండో దానికి రెట్టింపున్నట్టు కనిపిస్తుంది. అంత చిన్న తేడాయే ముఖ్యమైతే బార్లు మానేసి చుక్కల చార్ట్ వేయండి.

గుంపులను అక్షరక్రమంలో కాకుండా తాజా ఏడాది విలువ ప్రకారం పేర్చండి. నెలలు, వయసు వర్గాల్లాంటివి మాత్రం వాటి సహజ వరుసలోనే ఉండాలి. గుంపు లోపలి వరుస ఎక్కడా మారకూడదు. రెండు సంవత్సరాలకు ఒకే రంగులో లేతదీ ముదురుదీ చాలు. ఎరుపు, ఆకుపచ్చ జోడీ వద్దు, ఆ రెండిటినీ వేరుగా గుర్తించలేని పాఠకులు ఉంటారు. పేర్లు పొడవైతే వంకరగా తిప్పకుండా బార్లనే అడ్డంగా వేయండి. అప్పుడు ఎక్సెల్ మొదటి వరుసను అట్టడుగున పెడుతుంది, కేటగిరీస్ ఇన్ రివర్స్ ఆర్డర్ టిక్ చేస్తే పైకొస్తుంది.

రూపాయలూ శాతాలూ ఒకే చార్టులో ఇరికించొద్దు. ఎక్సెల్‌లో ఒక సిరీస్‌ను సెకండరీ యాక్సిస్‌కు పంపితే దాని బార్లు మొదటివాటి మీదే వచ్చి కూర్చుంటాయి. రెండు చార్టులు వేయడమే నయం. మొత్తం ఎంతన్నది ముఖ్యమైతే ముక్కలను ఒకదాని మీద ఒకటి పేర్చే స్టాక్డ్ బార్, పన్నెండు నెలల తీరు చూపాలంటే లైన్ చార్ట్, ఇరవై కేటగిరీలకు రెండేసి విలువలు ఉంటే రెండు చుక్కలను గీతతో కలిపే డంబెల్ చార్ట్.