పెళ్లి షాపింగ్‌కి హైదరాబాద్ వెళ్తున్నారా? ముందు ఇది చదవండి

చెల్లి పెళ్లి నెలన్నర ఉందనగా అమ్మ, పిన్ని, నేను పాలకొల్లులో రాత్రి రైలెక్కి పొద్దున్నే సికింద్రాబాద్‌లో దిగాం. ఆ రాత్రికే తిరుగు టికెట్. బేగం బజార్లో సారె సామాను, చార్మినార్ దగ్గర లక్క గాజులు, జనరల్ బజార్లో చుట్టాలకి పెట్టే పెట్టుబడి చీరలు, అన్నీ ఒక్క రోజులో అయిపోతాయనుకున్నాం. తిరిగొచ్చేటప్పుడు మా దగ్గర ఉన్నది ఒక్క గాజుల పెట్టె, అదీ చెల్లి చేతికి సరిపోలేదు. రైల్లో అమ్మ ఎవరితోనూ మాట్లాడలేదు. పెళ్లిళ్ల సీజన్లో మన భీమవరం, నరసాపురం, అమలాపురం వైపు నుంచి ఇలా బయల్దేరేవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్ల కోసం రాస్తున్నాను.

ముందు ఏ రోజు వెళ్తున్నారో చూసుకోండి. మేం వెళ్లింది ఆదివారం. బేగం బజార్లో హోల్‌సేల్ కొట్లు చాలావరకు ఆదివారం తియ్యరు, ఆ సంగతి ఆటోలో అక్కడిదాకా వెళ్లి వరసగా దించి ఉన్న షట్టర్లు చూశాక గానీ మాకు తెలియలేదు. ఇత్తడి బిందె, కాగు, పప్పు గిన్నెలు అని రాసుకున్న చీటీ పిన్ని చేతిలో అలాగే ఉండిపోయింది. శుక్రవారం మధ్యాహ్నం మక్కా మసీదులో నమాజు వేళకి చార్మినార్ చుట్టూ జనం బాగా ఉంటారు. మంగళవారం శుభకార్యం సామాను కొనడానికి మన పెద్దవాళ్లు ఎలాగూ ఒప్పుకోరు. బుధ, గురువారాలు పెట్టుకోండి.

రైలు తెల్లారకుండానే దించేస్తుంది, పాతబస్తీలో కొట్లు మాత్రం పదకొండు దాటితే గానీ ఊపందుకోవు. ఈ మధ్యలో రోడ్ల మీద తిరిగితే పెద్దవాళ్ల ఓపిక అక్కడే అయిపోతుంది. స్టేషన్ వెయిటింగ్ రూమ్‌లో స్నానాలు చేసి, టిఫిన్ తిని, బ్యాగు క్లోక్‌రూమ్‌లో పెట్టేయండి. బ్యాగుకి తాళం ఉండాలి, లేకపోతే తీసుకోరు, మేం తాళం తీసుకెళ్లక రోజంతా మోశాం. తర్వాత సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కి పరేడ్ గ్రౌండ్‌లో గ్రీన్ లైన్‌కి మారితే సుల్తాన్ బజార్, దాని తర్వాత ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్‌స్టేషన్) వస్తాయి. ఎంజీబీఎస్ నుంచి చార్మినార్‌కి ఆటోలో దగ్గరే.

రోజుకి ఒక్క వైపే పెట్టుకోండి. చార్మినార్, పత్తర్‌గట్టి, వీలైతే సుల్తాన్ బజార్, అంతే. జనరల్ బజార్ సికింద్రాబాద్‌లో ఉంది, అటూ ఇటూ తిరగడంలోనే మాకు మధ్యాహ్నం గడిచిపోయింది.

ఇక గాజుల సంగతి. చార్మినార్‌కి పడమర వైపు వీధే లాడ్ బజార్. లక్కని వేడి మీద మెత్తగా చేసి, గాజుగా చుట్టి, రాళ్లు ఒక్కొక్కటే అద్దుతారు, అంత పని ఉంటుంది కాబట్టే వాటికి అంత పేరు. మేం కొలత గాజు తీసుకెళ్లలేదు. "దాని చెయ్యీ నా చెయ్యీ ఒకటే" అంది అమ్మ, తన చేతికి ఎక్కించి చూసి రెండు ఆరు సైజు తీసుకుంది. చెల్లిది రెండు నాలుగు. ఇంటికొచ్చి వేసుకుని చెయ్యి కిందికి దించగానే గాజులన్నీ జారి వేళ్ల మీదికి వచ్చేశాయి. కొట్టు అతనికి ఫోన్ చేస్తే మార్చడం కుదరదన్నాడు.

రెండు నాలుగు అంటే రెండు అంగుళాల మీద అంగుళంలో పదహారో వంతులు నాలుగు, అంటే రెండుంపావు అంగుళాలు. రెండు ఎనిమిది అంటే రెండున్నర. పెళ్లికూతురికి సరిగ్గా పట్టే మట్టి గాజు ఒకటి తీసి, స్కేలు పెట్టి లోపలి అంచు నుంచి లోపలి అంచుకి కొలవండి. ఆ గాజునే గుడ్డలో చుట్టి వెంట తీసుకెళ్తే ఇంకా మంచిది. పట్టుచీర జాకెట్టు ముక్క కూడా ఉండాలి. కొట్టులో లైట్ల కింద మెరూన్ ఎరుపులా కనిపిస్తుంది, గాజునీ ముక్కనీ వీధిలోకి తెచ్చి పగటి వెలుగులో పక్కపక్కన పెట్టి చూడండి. డబ్బు ఇచ్చేముందే మారుస్తారా అని అడిగి బిల్లు మీద రాయించుకోండి.

పెట్టుబడి చీరల కోసం అంత దూరం వద్దు, రాజమండ్రి తాడితోటలో బట్టల మార్కెట్ ఉంది. ఆ రోజు ఒక పెద్ద షోరూమ్‌లో పిన్ని ఉప్పాడ జాందానీ చీర చూసి ముచ్చటపడింది, నేస్తున్నది మన కాకినాడ పక్కనే కదా, నేతగాళ్ల దగ్గరికే వెళ్లొచ్చు. అమలాపురం పక్కన చేనేత చీరల ఊరు బండారులంక ఉంది. బంగారానికీ అంతే, 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ మీద అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు కోడ్ ఉండి తీరాలి, దాన్ని హాల్‌మార్క్ చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. అది భీమవరంలో కొన్నా ఉంటుంది, అంత డబ్బు పట్టుకుని రైలెక్కే టెన్షన్ ఎందుకు?

వచ్చే బుధవారం మళ్లీ వెళ్తున్నాం, ఈసారి గాజులకీ ఇత్తడి సామానుకీ మాత్రమే, రెండు రోజులు ఉండేలా. చెల్లి మట్టి గాజు ఒకటి అమ్మ ఇప్పటికే పర్సులో పెట్టుకుంది.