ఇంగ్లిష్ పేజీ ముందుకు కదలట్లేదా?

తెలుగు మీడియంలో డిగ్రీ చేసి ఎంఏ ఇంగ్లిష్‌లో చేరినప్పుడు నాకు ఒక్క పేజీకి పావుగంట పట్టేది, ఎందుకంటే ప్రతి కొత్త పదానికీ డిక్షనరీ తీసి, దాని మీద తెలుగు అర్థం రాసుకుంటూ పోయేవాణ్ణి. ముందు ఆ అలవాటు మానండి.

సిలబస్ నవలతో పాటే ఒక తేలిక పుస్తకం కూడా పట్టుకోండి. ఆక్స్‌ఫర్డ్ బుక్‌వర్మ్స్ లాంటి గ్రేడెడ్ రీడర్లు, అంటే స్థాయిని బట్టి తేలిక మాటల్లో రాసిన పుస్తకాలు ఉంటాయి, వాటిలో ఒకటో స్టేజీ 400 మూలపదాలతోనే నడుస్తుంది, ఆరో స్టేజీకి 2,500. చిన్నపిల్లల పుస్తకాలని సిగ్గుపడకండి (నేనైతే అట్ట వేసుకుని చదివాను). పేజీలో ఐదారు పదాలకు మించి తెలియకపోతే ఇంకా తేలికది చూసుకోండి.

అసలు చిక్కు వాక్యంలో ఉంది. మనం "నిన్న వచ్చిన అబ్బాయి" అంటాం, ఇంగ్లిష్‌లో "ద బాయ్ హూ కేమ్ యెస్టర్‌డే" అంటారు, దాన్ని మనసులో తెలుగు చేసుకుంటూ చదివితే చివరిదాకా వెళ్లి మళ్లీ వెనక్కి రావాల్సిందే, ఇక వేగం ఎక్కడిది? అందుకే "ద బాయ్", "హూ కేమ్ యెస్టర్‌డే" అని ముక్కలుగా, వచ్చిన వరసలోనే అర్థం తీసుకోండి. మొదట్లో పెన్సిల్‌తో గీతలు పెట్టుకున్నా తప్పులేదు.

రోజూ అరగంట చాలు. వారానికోసారి మాత్రం 300 పదాల భాగం ఒకటి తీసుకుని, ఫోన్‌లో టైమర్ పెట్టి మూడుసార్లు చదవండి. టైమ్ తగ్గుతోంది కదా అని పరిగెత్తొద్దు, పుస్తకం మూసి అందులో ఏముందో రూమ్మేట్‌కి తెలుగులో చెప్పగలగాలి. డిక్షనరీ అప్పుడు తీయండి, అదీ రెండు మూడుసార్లు ఎదురైన పదానికే.