ఐఎల్-8 ఎలైసా: లెక్క తప్పేది ప్లేటులో కాదు, రక్తపు ట్యూబులో

సూక్ష్మజీవి చొరబడిన చోటికి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలను రప్పించే కీమోకైన్, అంటే కణాలను పిలిచే ప్రోటీన్, ఐఎల్-8. సీఎక్స్‌సీఎల్8 అన్నా ఇదే. మాక్రోఫేజ్‌లు (సూక్ష్మజీవుల్ని మింగే కణాలు), ఎపిథీలియల్ కణాలు (అవయవాల పైపొర కణాలు), రక్తనాళాల లోపలి పొర దీన్ని వదులుతాయి. న్యూట్రోఫిల్ పైనున్న సీఎక్స్‌సీఆర్1, సీఎక్స్‌సీఆర్2 గ్రాహకాలు దాన్ని అందుకుంటాయి. పిలుపు ఆగకపోతేనే చిక్కు: వచ్చి చేరిన న్యూట్రోఫిల్స్ వదిలే ఎలాస్టేజ్ అనే ఎంజైమ్ సొంత కణజాలాన్నే తినేస్తుంది. సీఓపీడీ (శ్వాసదారులు ఇరుకయ్యే దీర్ఘకాలిక జబ్బు), సిస్టిక్ ఫైబ్రోసిస్ (చిక్కటి కఫం పేరుకునే జన్యు జబ్బు) రోగుల ఊపిరితిత్తుల్లో జరిగేది ఇదే.

ఐఎల్-8 మోతాదును ఎలైసాతో, అంటే యాంటీబాడీలతో పట్టి రంగుతో కొలిచే పరీక్షతో, చూడాలంటే ముందు రక్తం ఈడీటీఏ (రక్తాన్ని గడ్డకట్టనివ్వని రసాయనం) ట్యూబులోకి తీయండి. అరగంటలోపు 1,000 జీ (గురుత్వాకర్షణకు వెయ్యి రెట్ల) బలంతో 15 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేయండి. పైనున్న ప్లాస్మాను కణాల పొర కదలకుండా తీసి, చిన్న ట్యూబుల్లో పంచి, మైనస్ 80 డిగ్రీల దగ్గర దాచండి. కరిగించి మళ్లీ గడ్డకట్టించడం వద్దు.

ఈ అరగంట నియమం చాదస్తం కాదు. ట్యూబు బల్ల మీద నాలుగు గంటలు ఉందనుకోండి. ప్లాస్మా చూడ్డానికి లేత పసుపుగా, శుభ్రంగానే ఉంటుంది. కానీ లోపలి తెల్లకణాలు ఇంకా బతికే ఉంటాయి, ఐఎల్-8ను తయారు చేస్తూనే ఉంటాయి. మీరు కొలిచేది రోగి వాపునా, ట్యూబులో పుట్టిన వాపునా? ప్లేటుకు ఆ తేడా తెలియదు. ప్లాస్మా గులాబీ రంగులో ఉంటే మరో రకం మోసం. ఎర్రకణాల మీది డఫీ ప్రోటీన్ ఐఎల్-8ను పట్టి ఉంచుకుంటుంది. కణం పగిలితే అదంతా బయటపడి అంకె పెరుగుతుంది. అలాంటి శాంపిల్‌ను పక్కన పెట్టడమే మేలు.

ప్లేటు పని మామూలే. కిట్‌ను బట్టి సమయాలు మారతాయి కాబట్టి దాని కాగితానిదే చివరి మాట. సాధారణంగా ఐఎల్-8ను పట్టుకునే యాంటీబాడీ వెల్‌కు (ప్లేటులోని చిన్న గుంటకు) 100 మైక్రోలీటర్లు వేసి రాత్రంతా ఉంచుతారు. 1 శాతం బీఎస్‌ఏ (ఆవు రక్తపు ప్రోటీన్) 300 మైక్రోలీటర్లతో గంటసేపు బ్లాక్ చేస్తారు, అంటే మిగిలిన ఖాళీ చోట్లను కప్పేస్తారు. స్టాండర్డ్‌ను (మోతాదు తెలిసిన ఐఎల్-8 ద్రావణాన్ని) మిల్లీలీటరుకు 2,000 పికోగ్రాముల నుంచి సగం సగం చేస్తూ 31.25 దాకా దించండి. ప్రతి మెట్టుకూ టిప్ మార్చాలి, లేదంటే కింది అంకెలన్నీ ఉబ్బుతాయి. శాంపిల్స్ రెండేసి వెల్స్‌లో, 2 గంటలు. తర్వాత బయోటిన్ తగిలించిన రెండో యాంటీబాడీ 2 గంటలు, ఆ బయోటిన్‌కు అంటుకునే స్ట్రెప్టావిడిన్-హెచ్‌ఆర్‌పీ (రంగు పుట్టించే ఎంజైమ్) 20 నిమిషాలు, దానివల్ల నీలంగా మారే టీఎంబీ చీకట్లో 20 నిమిషాలు. 2 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లం 50 మైక్రోలీటర్లు వేయగానే నీలం పసుపవుతుంది. 450 నానోమీటర్ల దగ్గర చదివి, 570 దగ్గరి విలువను తీసేయండి. స్టాండర్డ్ కర్వ్‌కు తిన్నని గీత కంటే నాలుగు పారామితుల ఫిట్ (ఎస్ ఆకారపు వంపు గీత) సరైనది.

ఐఎల్-8 వేయని వెల్స్‌కూ రంగొస్తే కడగడం చాల్లేదని అర్థం. చివరి కడుగు తర్వాత ప్లేటును టిష్యూ కాగితం మీద బోర్లించి గట్టిగా తట్టండి. స్టాండర్డ్‌కు కూడా రంగు రాకపోతే బఫర్ సీసా చూడండి. సోడియం అజైడ్ ఉంటే హెచ్‌ఆర్‌పీ పనిచేయదు.

కఫం శాంపిల్స్‌ను 10 రెట్లు, 100 రెట్లు పలచన చేసి రెండూ నడపండి, ఎందుకంటే అక్కడ మోతాదు రక్తంలో కంటే చాలా ఎక్కువగా ఉంటుంది. కఫాన్ని డీటీటీ అనే రసాయనంతో కరిగిస్తే స్టాండర్డ్‌నూ అదే ద్రవంలో కలపాలి. ఐఎల్-8 ఆకారం నిలిచేది డైసల్ఫైడ్ బంధాల మీద, డీటీటీ తెంచేది వాటినే. ఊపిరితిత్తులు మండుతున్నా ప్లాస్మాలో అంకె మామూలుగా ఉండొచ్చు. అక్కడ వాపు లేదని రాసేయకండి.

ఎలుకల శాంపిల్స్ వచ్చాయా? ఈ కిట్ తెరవకండి. ఎలుకకు ఐఎల్-8 జన్యువే లేదు. దాని పని కేసీ, మిప్-2 అనే వేరే కీమోకైన్లు చేస్తాయి, వాటికి వేరే కిట్లున్నాయి.