బొమ్మ బాగానే ఉంది, పోర్ట్‌ఫోలియోలో తేలిపోతోంది: ఏం సరిచూడాలి?

ఫోటోషాప్ లాంటి ప్రోగ్రామ్‌లో పాత్రల బొమ్మలు వేసి, కాన్సెప్ట్ ఆర్ట్ (గేమ్‌లు, సినిమాల్లో పాత్రలు ఎలా ఉండాలో ముందుగా గీసి చూపే బొమ్మలు) పని కోసం పోర్ట్‌ఫోలియో తయారు చేసుకునేవారి కోసం ఇది.

సమస్య: రంగులన్నీ బురదబురదగా కనిపిస్తున్నాయి

చాలామంది వెంటనే శాచురేషన్ (రంగు గాఢత) పెంచేస్తారు. దాంతో బురద పోదు, రంగుల బురదవుతుంది. అసలు కారణం ఎక్కువగా వెలుగునీడల తేడా చాలకపోవడమే. బొమ్మలోని అన్ని లేయర్లకూ (పొరలకూ) పైన ఇంకో లేయర్ వేసి, నలుపుతో నింపి, బ్లెండ్ మోడ్‌ను (పై పొర కింది పొరలతో ఎలా కలవాలో చెప్పే సెట్టింగ్‌ను) ‘కలర్’కు మార్చండి. బొమ్మ మొత్తం నలుపు తెలుపుల్లోకి మారుతుంది. ఉదాహరణకు చామనఛాయ యోధురాలు, నల్లటి జుట్టు, ముదురు గోధుమరంగు తోలు కవచం అనుకుందాం. రంగుల్లో మూడూ వేరుగానే అనిపిస్తాయి. బూడిదరంగులోకి మార్చి చూస్తే ముఖం ఎక్కడ ముగిసి కవచం ఎక్కడ మొదలైందో తెలియదు.

పరిష్కారం: బొమ్మను ముదురు, మధ్యస్థం, లేత అని మూడు భాగాలుగా విడగొట్టండి. మూడూ సమానంగా ఉండకూడదు, ఒకటి ఎక్కువ చోటు ఆక్రమించాలి. బాగా ముదురు భాగం, బాగా లేత భాగం ముఖం దగ్గరే కలవాలి. పై ఉదాహరణలో మెడ చుట్టూ ఒక లేతరంగు గుడ్డ చుట్టినా, జుట్టు వెనక వెలుగు పెట్టినా పని జరుగుతుంది.

అప్పటికీ నీడలు చచ్చుగానే ఉంటే, వాటిని నలుపు కలిపి వేశారేమో చూడండి. ఆరుబయట ఎండలో నీడల్లోకి ఆకాశపు నీలం వస్తుంది. చర్మం మీద వెలుగు, నీడ కలిసే అంచు కాస్త ఎర్రబడుతుంది. నీడలు వేసే మల్టిప్లై లేయర్‌లో (కింది రంగులను ముదురు చేసే పొరలో) బూడిదరంగుకు బదులు ఆ చోటుకు తగ్గ రంగు వాడండి.

సమస్య: నిన్న బాగున్న ముఖం ఇవాళ వంకరగా ఉంది

గంటల తరబడి చూసేసరికి కన్ను ఆ వంకరకు అలవాటు పడిపోతుంది. కాన్వాస్‌ను అద్దంలో చూసినట్టు కుడిఎడమలు తిప్పే కమాండ్‌కు ఒక షార్ట్‌కట్ పెట్టుకుని, స్కెచ్ దశ నుంచే తరచూ తిప్పి చూడండి. చివర్లో తిప్పితే టెన్షన్ తప్ప లాభం లేదు, అప్పటికి కనురెప్పల వెంట్రుకలు కూడా వేసేసి ఉంటారు. కొద్దిపాటి తేడా అయితే లిక్విఫై (బొమ్మలో భాగాలను నెట్టి సరిచేసే టూల్) చాలు. కళ్ల గీతకూ నోటి గీతకూ వాలు కుదరకపోతే మాత్రం మళ్లీ గీయాల్సిందే.

సమస్య: పెన్ను నొక్కినా గీత లావు మారట్లేదు

ముందు బ్రష్‌లో పెన్ ప్రెషర్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఉంటే టాబ్లెట్ డ్రైవర్ సెట్టింగ్స్‌లో విండోస్ ఇంక్ (విండోస్‌లో పెన్ను కోసం ఉండే సదుపాయం) ఆన్‌లో ఉంటే ఆఫ్, ఆఫ్‌లో ఉంటే ఆన్ చేసి, ప్రోగ్రామ్ మూసి తెరవండి. అదీ కాకపోతే డ్రైవర్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి.

సమస్య: అప్‌లోడ్ చేశాక రంగులు వెలిసిపోయాయి

ఫైలు కలర్ ప్రొఫైల్ (అంకెలను ఏ రంగులుగా చూపాలో చెప్పే సమాచారం) అడోబీ ఆర్‌జీబీలోనో, ప్రింటు కోసం వాడే సీఎంవైకేలోనో ఉండి ఉంటుంది. వెబ్‌కు సాధారణంగా వాడే ఎస్ఆర్‌జీబీకి మార్చి, ప్రొఫైల్‌ను ఫైల్లోనే ఉంచి సేవ్ చేయండి. వాడాల్సింది ‘కన్వర్ట్ టు ప్రొఫైల్’. ‘అసైన్’ నొక్కితే అంకెలు అలాగే ఉండి, కనిపించే రంగు మారిపోతుంది. అన్నట్టు, 300 డీపీఐ (ప్రింటులో అంగుళానికి ఎన్ని చుక్కలు) కోసం హైరానా పడొద్దు. తెర మీద లెక్కకొచ్చేది పిక్సెల్సే.

సమస్య: ‘చాలా బాగుంది’ అంటారు, పని మాత్రం ఇవ్వరు

ఇది బ్రష్‌కు సంబంధించిన సమస్య కాదు. పొగలో, సగం నీడలో, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డ హీరో పోస్టర్‌కు బాగుంటాడు. కానీ కాన్సెప్ట్ ఆర్ట్ చూసి తర్వాత పని చేయాల్సింది త్రీడీ మోడలర్. వీపు మీద ఏముంది, కత్తి ఒర నడుముకు ఎలా వేలాడుతోంది, భుజకవచం చేయి ఎత్తితే ఎటు జరుగుతుంది? ఇవన్నీ అతనికి కావాలి.

పరిష్కారం: అదే పాత్రకు ముందు, పక్క, వెనక వైపుల షీటు జోడించండి. బకిల్ లాంటి చిన్న భాగాలను పెద్దవి చేసి, ఏది తోలో ఏది ఇనుమో పక్కన రాయండి. మొదట్లో వేసిన నల్లటి సిల్హౌట్‌లలో (ఆకారం మాత్రమే కనిపించే బొమ్మల్లో) వద్దనుకున్నవి కూడా రెండు మూడు పెట్టండి, మీరు ఎలా ఆలోచించి ఎంచుకున్నారో వాటిలోనే కనిపిస్తుంది. కొత్త బొమ్మ మొదలుపెట్టే ముందు ఇప్పటికే ఉన్నవాటిలో మంచి పాత్రనొకదాన్ని తీసుకుని దానికి ఈ షీట్లు పూర్తి చేయండి.